ఉద్యాపన లేని నోము

అన్నం గురించి మాట్లాడి బతికిన మనిషిని నేను. విశాఖపట్నంలో ఒక మహిళా కళాశాలలో కాబోయే డైటీషియన్లకు పోషకాహార పాఠాలు చెప్పి, ఈమధ్యే రిటైరయ్యాను. ఎవరు ఎప్పుడు ఎంత తినాలో గొంతు పోయేలా చెప్పి, నా క్యారేజీ మాత్రం చల్లారిపోయాక విప్పుకునేదాన్ని. ఇప్పుడు ఆ కోర్సు చదువుతున్న మీలాంటి పిల్లలు పెళ్ళిళ్ళలో కనిపించి, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి" అని అడుగుతుంటారు. ఆ కేసు అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మనుషుల్ని కేసులనడం ఆసుపత్రి ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే వచ్చేస్తుంది. వాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడడం మాత్రం కొందరికి రిటైరయ్యేదాకా రాదు. సరే, అడిగారు కనుక చెబుతాను. పేర్లు మాత్రం అడగవద్దు. ఇందులో ఉన్నవాళ్ళు చాలామంది ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్నారు, నేను రైతుబజారుకు వెళ్ళాలి.

ముందు మా డిపార్ట్‌మెంటు సంగతి. తిండి ఎలా తినాలో నేర్పే ఆ చోట సవ్యంగా తినేవాళ్ళు తక్కువ. నా పక్క సీటు లెక్చరరు ప్రతి సోమవారం ఒక కొత్త డైట్ మొదలుపెట్టి గురువారానికి దాని దినం చేసేది. ఒక వారం కొర్రలు, ఒక వారం కొబ్బరినూనె, ఒక వారం నిమ్మరసం. మా విభాగాధిపతి సార్ అన్నం మానేశానని అందరికీ చెప్పుకుని, క్యాంటీన్‌లో ఇడ్లీలు వాయి తర్వాత వాయి లాగించేవారు. ఇడ్లీలో బియ్యం ఉండవని ఆయన నమ్మకం. ఆయన పీహెచ్‌డీ ధాన్యాల మీద.

అసలు మా ఊళ్ళో మనిషి ఎదురైతే "బాగున్నావా" అనే ముందు "ఏటలా సిక్కిపోయావ్" అనో, "ఒళ్ళు సేసినట్టున్నావ్" అనో పలకరిస్తారు. బరువు చూసి చెప్పడానికి మాకు యంత్రం అక్కర్లేదు. అలాంటి ఊళ్ళో, తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు అని సిలబస్‌లో చిట్టచివర ఒక చిన్న పాఠం ఉండేది. ఎదురుగా అన్నం ఉన్నా తినలేకపోవడం, ఆపుకోలేక తినేసి ఆపైన తనను తాను శిక్షించుకోవడం, అద్దంలో లేని లావు కనపడడం, ఇలాంటివి. ఇవి మొండితనం కాదు, ప్రాణం మీదికి తెచ్చే జబ్బులు అని నేను చెబుతుంటే పిల్లలు రాసుకునేవారు, పరీక్షకు రాదని తెలిశాక కొట్టేసుకునేవారు. మా సార్ అయితే నవ్వేసేవారు.

"మన దగ్గర తిండి లేని రోగమే గానీ తిండి వద్దనే రోగం ఎక్కడిది మేడం? అది దొరల జబ్బు."

అలాంటి సార్‌కు ఒకనాడు పైనుంచి ఆదేశం వచ్చింది. విద్యార్థినులను వెంటబెట్టుకుని బడులకు వెళ్ళి ఈ రుగ్మతల మీద అవగాహన కల్పించాలని. దొరల జబ్బు ఒక్క రాత్రిలో సార్‌కు ప్రాణసమానం అయిపోయింది. ఏం చెప్పాలన్న చింత ఆయనకు లేదు, ఫ్లెక్సీ మీద ఏం రాయాలన్నదే చింత. తెలుగులో ఆ జబ్బుకు పేరేమిటని స్టాఫ్‌రూములో సభ పెట్టారు. "తిండి రోగం" అంటే తిట్టినట్టుందన్నారు. "భోజన రుగ్మత" అంటే భోజనం పాడైనట్టుందన్నారు. చివరికి సార్ తానే "ఆహార వికారాలు" అని తేల్చారు. వికారం అంటే వాంతి వచ్చేలా ఉండడమని మా ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. చెప్పి చూశాను. "వ్యాకరణం మీకు తెలీదు మేడం" అన్నారు. "ఆహార వికారాల అవగాహన సదస్సు" అని ఫ్లెక్సీ వచ్చింది. దాని మీద ఒక మూల పిజ్జా బొమ్మ, తక్కినదంతా సార్ బొమ్మ. మేం మొదట వెళ్ళిన బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ఆ ఫ్లెక్సీ చూసి, "నా సాంబార్ తిని ఎవలికి వికారం వొచ్చింది?" అని గరిటెతో సహా గేటు దగ్గరకొచ్చింది. ఆవిడకు నచ్చచెప్పి లోపలికి వెళ్ళేసరికి మా సదస్సు సమయం అయిపోయింది.

ఆ సదస్సుల్లో బాగా మాట్లాడినది మా ఫైనలియర్ అమ్మాయి ఒకతె. పెందుర్తి నుంచి వచ్చేది. తండ్రికి ఉక్కు కర్మాగారంలో షిఫ్టు డ్యూటీ. చదువులో ఫస్టు, మాటలో నెమ్మది, పోపు పెట్టడంలో మా అందరికంటే నయం. ఆ అమ్మాయికి ఇంకొక పేరు కూడా ఉండేది, భక్తురాలని. సోమవారం శివుడికి ఒక్కపొద్దు. మంగళవారం ఆంజనేయుడికి. గురువారం కనకమహాలక్ష్మికి. శుక్రవారం ఇంటి అమ్మోరికి. శనివారం సింహాద్రి అప్పన్నకి. బుధవారానికి దేవుడెవరూ దొరకలేదు కాబోలు, ఆ రోజు కడుపునొప్పి. పగలంతా పస్తుండి రాత్రి ఒక్కపూట ఇంట్లో తింటానని చెప్పేది. మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పితే తాను మంచినీళ్ళ సీసా పట్టుకుని నవ్వుతూ కూర్చునేది, అందరికీ వడ్డించేది కూడా.

మా సార్ ఆ పిల్లను చూపించి, "ఈ కాలంలో ఇంత నిష్ఠ" అని కళ్ళు తుడుచుకునేవారు. నా పక్క సీటావిడ, "నాకా మనోబలం ఉంటే ఎంత బాగుణ్ణో" అని మిక్చరు పొట్లం విప్పేది. నాకు మాత్రం ఒక్కటే ముల్లులా గుచ్చుకునేది. వంట ప్రాక్టికల్‌లో రుచి చూసి చెప్పమంటే తక్కిన పిల్లలు ఉప్పెక్కువైందనో, పులుపు తగ్గిందనో, ఉడకలేదనో కొట్టుకునేవారు. ఈ అమ్మాయి నాలిక చివర తాకించి ప్రతిదానికీ "బాగుంది మేడం" అనేది. ఒకసారి ఎవరో పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయారు. దానికి కూడా బాగుందనే చెప్పింది.

ఆ ఏడు రంజాను నెలలో వన్‌టౌన్ నుంచి వచ్చే అమ్మాయి ఒకతె స్టాఫ్‌రూముకు వచ్చి తలుపు దగ్గర తచ్చాడింది. పెందుర్తి అమ్మాయికి ప్రాణ స్నేహితురాలు. తండ్రికి పాత పోస్టాఫీసు దగ్గర బట్టల కొట్టు. మామూలుగా నోరు మూయని పిల్ల, ఆ రోజు మాట తడుముకుంది.

"మేడం, అది ఉండేది ఉపాసం కాదు మేడం."

"నీకెలా తెలుసు?"

"నాను రోజా ఉన్నాను కదా. సాయంత్రం అయ్యేసరికి గడియారం మీదే ఉంటాది మేడం సూపు. అమ్మీ పకోడీలేస్తంటే వాసనకే పేణం లేసొస్తాది. ఉపాసం ఉన్నోల్లకి ఎప్పుడు విడుస్తామా అని ఉంటాది. దీనికి అది నేదు. సాయంత్రమైతే భయపడతాది."

నేను ఎన్నో ఏళ్ళుగా బోర్డు మీద గీసిన బొమ్మలన్నీ ఆ ఒక్క ముక్క ముందు తేలిపోయాయి. మర్నాడు పెందుర్తి అమ్మాయిని పిలిచి అడిగాను. "మొక్కుంది మేడం" అంది. ఆ మాట అన్నాక ఇంక మాటకు తావుండదు. మన దగ్గర మొక్కు అంటే తలుపు గడియ వేసినట్టే. ఏం మొక్కు, ఎందుకు మొక్కావు అని అడిగేవాడు పాపాత్ముడు.

సార్ దగ్గరకు వెళ్ళాను. ఈ పిల్లకు వైద్యం అవసరం, ముందు వాళ్ళ ఇంట్లోవాళ్ళను పిలిపిద్దాం అన్నాను. సార్ తలుపు వేసి గొంతు తగ్గించారు.

"దేవుడి పనిలో వేలెట్టకండి మేడం. రేపు ఎవరైనా జెండాలట్టుకుని గేటు ముందు కూకుంటే నాను సెప్పుకోలేను. అయినా ఎల్లుండి ఉక్కునగరం స్కూల్లో ప్రోగ్రాం ఉంది. ఆ అమ్మాయే మాటాడాల. మనకున్న ఆణిముత్యం అది."

తినలేని పిల్లను తిండి మీద ఉపన్యాసానికి పంపడం ఎంత వింతో ఆయనకు తట్టలేదు. ఆణిముత్యం అంటే ఫోటోలో బాగా పడేదని ఆయన అర్థం.

ఆ ఎల్లుండి శనివారం. ఉక్కునగరంలో వరస క్వార్టర్ల మధ్య చెట్ల నీడన చక్కటి బడి. అందులో అన్నీ చక్కగానే ఉన్నాయి, ప్రిన్సిపాల్ ఉత్సాహం తప్ప. స్టేజీ మీద మైకు పక్కనే బరువు తూచే యంత్రం పెట్టించి, దానికి బంతిపూల దండ వేయించారాయన. ఒక్కొక్కరినీ ఎక్కించి బరువు మైకులో చదువుతారట.

"మా పిల్లల్లో ఊబకాయం ఎక్కువైపోతంది మేడం. నలుగురిలో సిగ్గు తెప్పిస్తే గానీ తగ్గరు" అన్నారు.

కింద వరసల్లో కూర్చున్న పిల్లలు అప్పుడే పొట్టలు లోపలికి లాక్కుంటున్నారు. నా వెనక నిలబడ్డ పెందుర్తి అమ్మాయి ముఖం సున్నం కొట్టినట్టయింది. నాకు కోపం నషాళానికెక్కింది. కోపం వచ్చినప్పుడు నేను చాలా మర్యాదగా మాట్లాడతాను.

"మంచి ఆలోచన సార్. పెద్దవాళ్ళతో మొదలుపెడదాం. ముందు మీరెక్కండి, మైకులో నేను చదువుతాను. తర్వాత మా సార్ ఎక్కుతారు" అన్నాను.

ప్రిన్సిపాల్ గారు తన పొట్ట వైపు చూసుకున్నారు. మా సార్ ఫోన్ వచ్చినట్టు పక్కకు వెళ్ళిపోయారు. యంత్రం దండతో సహా బల్ల కిందకు చేరింది. దాని మీద నా చేతిసంచీ పెట్టి, ప్రోగ్రాం అయ్యేదాకా తీయలేదు.

పెందుర్తి అమ్మాయి ఎప్పటిలాగే బాగా మాట్లాడింది. ఆకలి శత్రువు కాదంది, అద్దం చెప్పిందల్లా నమ్మొద్దంది, ఎవరినీ బరువును బట్టి ఎగతాళి చేయొద్దంది. ప్రతి ముక్కా నేను చెప్పిన పాఠమే. ఒక్కటీ తనకు వర్తించనట్టు చెప్పింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ పొడుగు జడ అక్క వాళ్ళకు తెగ నచ్చేసింది. భోజనం గంట కొట్టగానే ఆడపిల్లలంతా వరండాలో ఆ అక్క చుట్టూ మూగి కూర్చుని క్యారేజీలు విప్పారు. మా వన్‌టౌన్ అమ్మాయి కూడా, తాను రోజాలో ఉన్నా, పిల్లలకు పెట్టమని వాళ్ళమ్మ కట్టిచ్చిన పరోటాలు తీసి అందరికీ తలా ముక్కా పెట్టింది.

"అక్కా, నువ్వు తినవా?" అని ఒక పిల్ల అడిగింది. ఏడో తరగతి కాబోలు, రెండు జడలు, బుగ్గలు.

"ఈ రోజు అప్పన్నకి ఒక్కపొద్దమ్మా" అని పెందుర్తి అమ్మాయి నవ్వింది.

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. నోటిదాకా వెళ్ళిన ముద్దను గిన్నెలో పెట్టేసి మూత వేసింది. "నాకూ ఒక్కపొద్దే" అంది. పక్కపిల్ల చూసి తానూ మూత వేసింది. ఆ పక్కపిల్ల కూడా. నేను చూస్తుండగానే వరస పొడుగునా టక టక మూతలు పడిపోయాయి. ప్రిన్సిపాల్ గారు అది చూసి ఉప్పొంగిపోయారు.

"సూసేరా మేడం మీ ప్రోగ్రాం ప్రభావం. ఇదీ క్రమశిక్షణంటే" అన్నారు. మా సార్ అప్పటికే ఫోటో తీస్తున్నారు.

రెండు జడల పిల్ల ఆ అమ్మాయి దగ్గరకు జరిగి, గుసగుసగా అడగబోయి గట్టిగానే అడిగేసింది. "అక్కా, నీలాగ సన్నగా అవ్వాలంటే ఎన్ని ఒక్కపొద్దులుండాల?"

పెందుర్తి అమ్మాయి చేతిలోని నీళ్ళ సీసా మూత బిగించి ఒళ్ళో పెట్టుకుంది. మేం ఒక జబ్బు రాకుండా చూడమని చెప్పడానికి వచ్చి, దాన్ని చేతులారా పంచిపెట్టి పోతున్నాం. తిండి పట్ల భయం ఆ వయసులో ఒకసారి మొదలైతే అంత తేలిగ్గా వదలదు. పిల్లలను కేకలేస్తే మొండికేస్తారు. పాఠం మళ్ళీ చెబితే నిద్రపోతారు. ఏం చేయాలో తోచక, మా అమ్మ నోముల నాటి సంగతి ఒకటి గుర్తొచ్చి ఆ వరసలో నేనూ కింద కూర్చున్నాను.

"ఒక్కపొద్దంటే మంచిదే. ఏ దేముడికమ్మా?" అని అడిగాను.

"అప్పన్నకి."

"ఏమని మొక్కావు?"

పిల్ల దిక్కులు చూసింది. "మొక్కలేదు మేడం."

"పోనీ, ఉద్యాపన ఎప్పుడు?"

ఉద్యాపన అంటే ఏమిటని అడిగారు. నోము పట్టినవాళ్ళు ఒక రోజున దాన్ని తీర్చుకుంటారు, నలుగురిని పిలిచి అన్నం పెట్టి వాళ్ళతో కలిసి కడుపునిండా తింటారు, అదీ ఉద్యాపన అని చెప్పాను. తీర్చుకునే రోజు లేకుండా పట్టింది నోము కాదని మా అమ్మ తిట్టేది అన్నాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండు జడల పిల్ల క్యారేజీ వైపు చూసింది. అందులో వేపుడు ఉందని వాసనే చెబుతోంది.

"ఉద్యాపన ఇప్పుడే చేసేసుకోవచ్చా మేడం?"

"నలుగురున్నారుగా. చేసేసుకో."

మూత తీసింది. ఆ వరసంతా మళ్ళీ మూతలు తీశారు. వన్‌టౌన్ అమ్మాయి పెద్దరికం తీసుకుని, "ఉద్యాపన పరోటా, ఉద్యాపన పరోటా" అని మిగిలిన ముక్కలు పంచింది. వరండా అంతా నవ్వులు. నవ్వనిది ఒక్క పెందుర్తి అమ్మాయే. పిల్లలను అడిగిన ప్రశ్న తన ముందు కూడా పడింది. నేను ఆ అమ్మాయి వైపు చూడకుండా జాగ్రత్త పడ్డాను. నలుగురిలో సిగ్గుపరిచే యంత్రాన్ని అప్పుడే బల్ల కిందకు తోసి వచ్చాను, మళ్ళీ నేనే ఆ పని చేయకూడదు.

తిరుగు ప్రయాణంలో బస్సు గాజువాక దాటాక వచ్చి నా పక్కన కూర్చుంది. కిటికీ వైపు చూస్తూ మాట్లాడింది.

"మా స్కూల్లో కూడా ఇలాగే బరువులు మైకులో సదివేరు మేడం. నాను ఎనిమిదో తరగతి. మా సారు, మీ ఇంట్లో బియ్యం బస్తా నువ్వే ఖాళీ సేత్తన్నావా అన్నారు. అందరూ నవ్వేరు. నానూ నవ్వేను."

కొంతసేపటికి, "నాకు ఉద్యాపన నేదు మేడం" అంది.

నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. ఎండాకాలంలో చల్లగా ఉంది. నాకు ఏడుపొచ్చింది, బస్సులో అందరూ ఉన్నారని మింగేశాను. మీ ఇంటికి నేను వస్తాను, అమ్మకు మనిద్దరం కలిసి చెబుదాం అన్నాను. వద్దనలేదు.

మర్నాడు ఆదివారం పెందుర్తి వెళ్ళాను. తండ్రి డ్యూటీలో ఉన్నాడు. తల్లి కాఫీ ఇచ్చి, నేను నోరు తెరవకముందే కూతురి భక్తి గురించి చెప్పడం మొదలుపెట్టింది.

"మా గుంట దేముడి మనిషి మేడం. కాలనీలో అందరూ సేతులెత్తి దండం పెడతారు. రేత్రయితే ఒక్కపొద్దని ఇన్ని అటుకులు తప్ప ముట్టదు. పగలు మీ కాలేజీలో బాగా తింటాది కదా, నాకా బెంగ నేదు. మీరు వండినవన్నీ ఈలకే పెడతారంట."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను.

"కాలేజీలో పగలు ఒక్కపొద్దమ్మా. రాత్రి ఇంట్లో తింటానని మాకు చెబుతోంది."

ఆవిడ నన్నూ, కూతురినీ మార్చి మార్చి చూసింది. ఇంట్లో ఒక ఒక్కపొద్దు, కాలేజీలో ఒక ఒక్కపొద్దు. మేం పగటి దానికి దండం పెట్టాం, కాలనీ రాత్రి దానికి దండం పెట్టింది. రెండూ కలిపి చూసినవాళ్ళు ఎవరూ లేరు.

"అలగైతే ఎప్పుడు తింటాది?" అంది తల్లి, ఎవరినని కాకుండా.

అప్పుడు ఆ అమ్మాయి చెప్పింది. తల వంచుకుని, ముగ్గు వేస్తున్నట్టు వేలితో గచ్చు మీద గీతలు గీస్తూ చెప్పింది.

"మొక్కు నేదమ్మా. ఏ దేముడికీ మొక్కలేదు. తిందామనే కూకుంటాను, తినలేకపోతన్నాను. భయమేస్తంది."

"మరి శనివారాలు?"

"అవీ నేదు."

తల్లికి కోపం వస్తుందనుకున్నాను. ఆవిడ లేచి వెళ్ళి దేవుడి గూట్లోని దీపం వత్తి సరిచేసి, అక్కడే చాలాసేపు నిలబడింది. తిరిగి వచ్చి కూతురి పక్కన కూలబడి, "నాను ఊరందరికీ సెప్పుకున్నానే" అంది. ఆ తర్వాత ఏడ్చింది. డాక్టరు దగ్గరకు, అందులోనూ మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళాలని నేను చెప్పేసరికి ఏడుపు ఆపి, "పిచ్చి డాక్టరు దగ్గరికా మేడం? కాలనీలో ఏటనుకుంటారు?" అంది. కాలనీ ఇన్నాళ్ళూ ఏమనుకుందో చూశాం కదమ్మా, ఇంకోటి అనుకోనీ అన్నాను. నేను కాస్త కటువుగానే అన్నాను. ఆ కటువు పనిచేసింది.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. ఉద్యాపన అనే మాటతో జబ్బు నయమైందని మీరు రాసుకుంటే నేను ఒప్పుకోను. ఆ మాట తలుపు గడియ తీసింది, అంతే. తక్కినదంతా నెలల తరబడి మానసిక వైద్యురాలి ఓపిక, రక్తపరీక్షలు, గుండె పరీక్షలు, ఇంట్లోవాళ్ళకు పాఠాలు, మధ్యలో మళ్ళీ జారిపోవడాలు. స్కూల్లో చదివిన ఆ బరువు ఒక్కటే కారణం కాదని కూడా డాక్టరమ్మ చెప్పింది, అది ఎండుగడ్డికి తగిలిన నిప్పురవ్వ అంది. ఆ అమ్మాయి ఒక సెమిస్టరు మానేసింది. మా సార్‌కు ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన మొదట అడిగింది, "బయటకు తెలిస్తే డైటెటిక్స్‌లో ఎవరు చేరతారు మేడం?" అని. రెండోసారి కూడా అదే అడిగారు. సదస్సు దిగ్విజయంగా జరిగిందని పైకి నివేదిక పంపారు. మూతలు పెట్టేసిన క్యారేజీల ముందు క్రమశిక్షణతో కూర్చున్న పిల్లల ఫోటో దానికి జతచేశారు. మెచ్చుకుంటూ జవాబు కూడా వచ్చిందట.

నేను మాత్రం ఆ తర్వాత సదస్సులు మార్చేశాను. బడులకు వెళితే పిల్లలకంటే ముందు టీచర్లను కూర్చోబెట్టేదాన్ని. జబ్బు గురించి వర్ణించి చెప్పడం మానేశాను, వినే పిల్లల్లో ఒకరికి అది దారి చూపించినట్టవుతుంది. యంత్రం ఉంటే గదిలో పెట్టి తలుపేయమనేదాన్ని. మీరూ రేపు ఎక్కడో ఒకచోట తెల్లకోటు వేసుకుని కూర్చుంటారు. ఎదుటి మనిషి ఎంత తింటోందని అడగడం మీకు బాగా వచ్చు. ఆకలేస్తోందా అని కూడా అడగండి. జవాబు రాకపోతే ఇంకో ప్రశ్న అడగండి. దేవుడి పేరు చెప్పిందని గౌరవంగా లేచిపోకండి. దేవుళ్ళు ఏమీ అనుకోరు, వాళ్ళకు నైవేద్యం తప్పలేదు.

ఆ అమ్మాయికి డాక్టరమ్మ మధ్యాహ్న భోజనం వారంలో ఒక రోజుతో మొదలుపెట్టమంటే బుధవారం ఎంచుకుంది. ఆ రోజుకు దేవుడు అడ్డం లేడు కదా. బుధవారం మధ్యాహ్నం అమ్మతో కూర్చుని తినడం, తిన్నాక నాకు ఫోన్ చేయడం. "తిన్నాను మేడం" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేసేది. గొంతులో గెలిచిన సంబరం ఉండేది కాదు, పరీక్ష రాసి వచ్చిన అలసట ఉండేది. తర్వాత గురువారం చేరింది. శుక్రవారం చేరి, మళ్ళీ పోయి, మళ్ళీ వచ్చింది. కొన్ని వారాలు ఫోనే లేదు. అప్పుడు నేను అన్నం ముందు కూర్చుని ఫోన్ వైపు చూస్తుండేదాన్ని. ఒక్కొక్క దేవుడికీ అలా సెలవు ఇచ్చుకుంటూ వచ్చింది. అప్పన్న ఒక్కడూ కదల్లేదు.

నేను రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం, చల్లారకుండానే అన్నం తినే భాగ్యం అలవాటవుతున్న రోజుల్లో, ఫోన్ మోగింది.

"మేడం, ఇయాల శనివారం."

"అవును, శనివారమే" అన్నాను. ఇంకేమీ అనడానికి ధైర్యం చాలలేదు.

"తిన్నాను మేడం."

"కూరేటి?"

వెనక వాళ్ళమ్మ ఏదో అంటోంది, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"ఆనపకాయ. అమ్మకి కోపమొచ్చింది గానీ, నిజం సెప్పాల కదా మేడం. ఉప్పు సాల్లేదు."